మూడు పచ్చ సంతకాలు

ఒకసారి వేసిన బొమ్మని మళ్ళీ వెయ్యడం నా రక్తంలోనే లేదు. ఇంటర్నెట్‌లో నా దుకాణం నెత్తి మీద కూడా అదే రాసి పెట్టాను: "ఒక్క బొమ్మ, ఒక్కసారి, ఒక్కరికే." ప్రాణం పోయినా ఆ మాట తప్పేది లేదు.

ఆ ఏడాది జనవరి నించి మార్చి లోపల ఒకే బొమ్మని నాలుగుసార్లు వేశాను. ప్రాణం పోలేదు. పోయిందేమో అని మాత్రం చాలాసార్లు తడిమి చూసుకున్నాను.

ఆ బొమ్మలో ఉన్నది మా నాన్నమ్మ. మా ఇంట్లో నాన్నమ్మని అజీ అంటాం. బొనాస్ రేవులో సిమెంటు బల్ల ముందు నిలబడి కరీట్ చేప కోస్తూ ఉంటుంది. అజీ కత్తి ఎత్తితే చేపలు వాటంతటవే పొలుసులు ఊడదీసుకుని వచ్చి బల్లెక్కుతాయని మా ద్వీపం కొసన ఉన్న మా ఊరు సెడ్రోస్‌లో చెప్పుకుంటారు. చెప్పుకునేది నేనే. కరీట్ అంటే వంజరానికి తమ్ముడి లాంటిది. కూరలో పడ్డాక దేవుడు కూడా పోల్చలేడు గానీ, బల్ల మీద ఉన్నప్పుడు కరీట్ పక్కల్లో పసుపు మచ్చలుంటాయి, మా వంజరం ఒళ్ళు నున్నగా ఉంటుంది. ఆ మచ్చలు వెయ్యడానికే నాకు మూడు రోజులు పట్టింది.

అది స్కూలు కోసం వేసిన బొమ్మ. అయిదో ఫారం అంటే హైస్కూలు చివరేడు, అందులో బోర్డు పరీక్ష. ఆర్ట్‌లో సగం మార్కులు ఏడాది పొడుగునా వేసిన బొమ్మలకే. ముందు మా టీచర్ మిస్ అలీన్ మార్కులేస్తుంది. తరవాత బయట్నించి పరీక్షాధికారి వచ్చి కొన్ని తీసి చూస్తాడు. ఒక్కటి తేడాగా కనిపించినా క్లాసు మొత్తానికి కోత. మా క్లాసులో మేం ఏడుగురం. అందులో ఒకతి శరీసా.

శరీసా నా కవల. నాకంటే పదకొండు నిమిషాలు ముందు పుట్టింది. ఆ పదకొండు నిమిషాల్లో లోకమంతా చూసొచ్చినట్టు మాట్లాడుతుంది. అక్కా అని పిలవకపోతే పలకదు. తనకి ఆ పైన సాన్ ఫెర్నాండో టౌన్లో ఆరో ఫారం కావాలి. ఆ స్కూలు వాళ్ళు ఆర్ట్‌లో మొదటి గ్రేడు రాని పిల్లకి గేటు కూడా తియ్యరట. అమ్మ అప్పుడే ఆ స్కూలు స్కర్టు కోసం నీలం బట్ట కొని బీరువాలో దాచింది. ఎవరికీ చూపించలేదు. అందరికీ తెలుసు.

మిస్ అలీన్‌కి ఒక పద్ధతి ఉంది. "నా కళ్ళ ముందు పుట్టని బొమ్మ నాకొద్దు" అంటుంది. ఎక్కడో ఎవడో వాళ్ళ నాన్న చేత వేయించుకొచ్చి మెడల్ కొట్టేశాడట. అప్పట్నించీ బొమ్మ గీత అయ్యాక వెనకాల ఒక సంతకం, మొదటి రంగు పడ్డాక ఒకటి, పూర్తయ్యాక ఒకటి. మూడూ పచ్చ సిరాతో, తేదీ వేసి. స్కూల్లో ఇంకెవరి దగ్గరా పచ్చ పెన్ను ఉండకూడదు. ప్రిన్సిపాల్ కూడా నీలంతోనే సరిపెట్టుకునేవాడు.

జనవరిలో నా బొమ్మకి మూడో సంతకం పడ్డ రోజు ముందూ వెనకా ఫోటో తీసి దుకాణంలో పెట్టాను. ఊరికే, గొప్పకి. అప్పటిదాకా నేను అమ్మింది రెండు చిలకలు, మా పక్కింటాయన మొహం ఉన్న ఒక కుక్క. వస్తువుతో పాటు కథ కూడా ఉంటేనే జనం ఆగుతారు కదా అని, వేసినవాడు ఒంటికన్ను జాలరి, వయసు ఎనభై ఒకటి, రెండో కన్ను సొరచేప దగ్గరుంది అని రాశాను. మర్నాటికి టొరంటో నించి ఒకావిడ రాసింది. వాళ్ళమ్మది ఇక్కడి ఇకాకోస్ ఊరట. బొమ్మ చూసి ఏడ్చిందట. వెనక ఆ పచ్చ సంతకాలెవరివి అని అడిగింది.

"జాలరి గారి గురువుగారివి" అని రాశాను.

"అయితే ఆ సంతకాలున్నదే కావాలి. ఇంకోటి వద్దు" అంది. ఎంతిస్తానందో చెప్పను. అమ్మ సాన్ ఫెర్నాండో బట్టల కొట్లో నెల రోజులు నిలబడితే వచ్చేదానికి అది దగ్గర్లో ఉంది.

వార్నిష్ ఇంట్లో వేసుకొస్తానని మిస్‌కి చెప్పి బొమ్మ తెచ్చి టొరంటోకి పంపేశాను. పరీక్షాధికారి వచ్చేది ఈస్టర్ తరవాత. అప్పటికి ఇంకోటి వేసి పెట్టేస్తే సరి. మరుసటి వారం అదే కొలతకి ఒక ప్లైవుడ్ ముక్క కోసి, గోధుమరంగు కాగితం చుట్టి, దారం కట్టి, పైన నా పేరు రాసి ఆర్ట్ గది బీరువాలో పెట్టాను. బీరువా తాళం మిస్ మెళ్ళో ఉండేది.

ఆ రోజు నించి నాకు బీరువా చప్పుడు తప్ప ఇంకో చప్పుడు వినపడ్డం మానేసింది. ఆవిడ ఏ కుంచె కోసమో తలుపు తీసేది. ఒకరోజు ఆ పొట్లం చేత్తో పట్టుకుంది.

"రెన్నీ, దీన్నొకసారి విప్పి గాలి తగలనీ. వార్నిష్ అంటుకుంటుంది."

"ఆరిపోయింది మిస్. ఎడారిలా ఆరిపోయింది."

"నీ నోరొక్కటీ ఆరదు" అని మళ్ళీ లోపల పెట్టేసింది. నేను బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. బడి ముందు బండి మీద తిన్న డబుల్స్‌ది, ఆ శెనగల రొట్టెది తప్పని అందరికీ చెప్పాను. పాపం ఆ బండివాడికి రెండ్రోజులు బేరం లేదు.

భయమేసినవాడు ఆగాలి కదా. ఆగలేదు. మయామీ నించి ఒకాయన అడిగాడు, లీడ్స్ నించి ఒక జంట అడిగింది. "ఒక్కటే ఉంది, త్వరపడండి" అని ఇద్దరికీ వేరువేరుగా రాశాను. రెండో బొమ్మ, మూడో బొమ్మ ఇంటి వెనక కోళ్ళ గూటి పక్కన వేశాను. సంతకాలు కూడా నేనే పెట్టాను. పచ్చ పెన్ను పక్క టౌను పాయింట్ ఫోర్టిన్ వెళ్ళి కొనుక్కొచ్చాను, ఎవరూ చూడకుండా, తుపాకీ కొన్నట్టు. లెక్కల పుస్తకం తెరిచేవాడు లేక అట్టలు అతుక్కుపోయాయి. జాగ్రఫీ ప్రాజెక్టులో నదికి రెండు ఒడ్డులూ ఒకే పక్కన గీశాను. కార్నివాల్ సోమవారం ఊరంతా ఒళ్ళంతా బురద పూసుకుని వీధుల్లో ఎగురుతుంటే, నేను పొట్లానికి టేపు అంటిస్తున్నాను.

శరీసా కనిపెట్టింది నా జాగ్రఫీ నోట్సులోంచి. నదుల గురించి చూడ్డానికి తీసింది. రెండు పేజీల నిండా పచ్చగా మిస్ అలీన్, మిస్ అలీన్, మిస్ అలీన్.

నోట్సు నా ముందు పడేసింది. "ఏంట్రా ఇది? ఆవిణ్ణి ప్రేమిస్తున్నావా?"

"అవునక్కా. పెళ్ళి ముహూర్తం ఈస్టర్ తరవాత."

తను నవ్వలేదు. "బొమ్మేదిరా?"

"బీరువాలో."

"నిన్న బీరువా నేనే సర్దాను. నీ పొట్లం అరకి తగిలి చెక్కలా మోగింది. గుడ్డ మీద వేసిన బొమ్మ అలా మోగదు."

చెప్పేశాను. మంచం మీద కూర్చుని అంతా వింది. చాలాసేపు తన గోళ్ళ కింద ఉన్న రంగు గీక్కుంటూ కూర్చుంది.

"మనం ఏడుగురం రా" అంది చివరికి.

"తెలుసు."

"తెలిస్తే మిస్‌కి చెప్పు. ఇప్పుడైతే ఒక్క నీదే పోతుంది. ఆవిడ తిడుతుంది, సున్నా వేస్తుంది, అంతే. ఆ పరీక్షాధికారి వచ్చాక బయటపడితే నాది కూడా పోతుంది."

"నాలుగోది వేసేస్తానక్కా. ఎవరికీ తెలీదు. ఒట్టు."

"నీ ఒట్లు పెట్టుకుని ఇల్లు కట్టుకోవచ్చు." లేచి తలుపు దాకా వెళ్ళి ఆగింది. "నేను చెప్పను. నువ్వే చెప్పాలి. ఎందుకంటే నేను చెప్తే నువ్వు జన్మలో చెప్పడం నేర్చుకోవు."

సోమవారం చెప్తానన్నాను. సోమవారం మిస్‌కి తలనొప్పిగా ఉంది. మంగళవారం వాన. బుధవారం ఆవిడ మంచి ఉషారుగా ఉంది, పాడుచెయ్యడం ఎందుకనిపించింది. ఇలా మూడు వారాలు. రోజూ సాయంత్రం శరీసా గుమ్మంలో నిలబడి నా మొహం చూసేది. అడిగేది కాదు. బీరువాలో నీలం బట్ట ఉన్న అరని అమ్మ తీసినప్పుడల్లా ఇద్దరం తల తిప్పుకునేవాళ్ళం.

మార్చిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మిస్ క్లాసులోకి వచ్చి చేతులు దులుపుకుంది. "పరీక్షాధికారి ప్రెస్కాట్ గారు ముందే వస్తున్నారు. సోమవారం ఉదయం. ఈస్టర్ తరవాత ఆయనకి ఆపరేషన్ ఉందట."

ఏడుగురిలో ఆరుగురు మూలిగారు. నాకు మూలగడానికి కూడా గాలి లేదు.

శని, ఆదివారాలు నాలుగోది వేశాను. దుకాణంలో ఫోటో లీడ్స్ బేరం అవగానే తీసేశాను, ఫోన్లో ఉన్నది చూసి వేద్దామంటే తెర పగిలి సగం నల్లగా అయిపోయింది, సరిగ్గా చేప ఉన్న సగం. అజీ ఆదివారం పొద్దున రేవు నించి ఒక చేప తెచ్చి సింకులో పెట్టింది. దాన్నే చూసి వేసేశాను. అంత వేగంగా ఎవరూ వేసి ఉండరు. కుంచె ఎక్కడ పొగలొస్తుందోనని పక్కన నీళ్ళ బకెట్టు పెట్టుకున్నాను.

సాయంత్రం అజీ కోళ్ళకి మేత వెయ్యడానికొచ్చి బొమ్మ ముందు ఆగింది. "ఎవర్రా ఈవిడ? లావుగా ఉంది."

"నువ్వే అజీ."

"నేనా? సరే." కళ్ళద్దాలు పైకి తోసుకుని ఇంకాస్త వంగింది. "ఈ చేపేంటి?"

"కరీట్."

"మచ్చలేవీ?"

సింకులో చేప గుర్తొచ్చింది. దాని ఒళ్ళు గుర్తొచ్చింది. "నీడలో ఉన్నాయి అజీ."

"నలభై ఏళ్ళుగా కోస్తున్నాను. నీడలో మచ్చలు పోయే చేపని నేను చూళ్ళేదు" అంది. "అది వంజరం నాయనా. బడికెళ్ళి చదువుతున్నది ఇదేనా?"

మచ్చలు పెట్టడానికి మూడు రోజులు కావాలి. నా దగ్గర ఒక్క సాయంత్రం ఉంది, దాంట్లో సంతకాలు మూడు పెట్టాలి. అయినా గబగబా నాలుగైదు చుక్కలు పెట్టి చూశాను. చేపకి అమ్మవారు పోసినట్టుంది. తుడిచేశాను. ఎవరు చూస్తారులే, పరీక్షాధికారి బొమ్మలు చూసేవాడు గానీ చేపలు చూసేవాడు కాదు కదా అనుకున్నాను.

సోమవారం ఏడింటికే వెళ్ళి, మిస్ తాళం తీసి వెనక్కి తిరిగిన క్షణంలో పొట్లాలు మార్చేశాను. శరీసా గుమ్మంలోంచి చూసింది. తన యూనిఫాం మెడ దగ్గర గుండీ రెండుసార్లు తప్పుగా పెట్టుకుని ఉంది.

ప్రెస్కాట్ గారు సన్నగా, పొడుగ్గా, గొడుగులాగా ఉన్నాడు. మాట మెత్తన. నాకు అరిచే మనిషైతే బాగుండేది. పైనున్నవాళ్ళలో ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి చూస్తానన్నాడు. పై మార్కు శరీసాది. మధ్య మార్కు నాది. కింద మార్కు జోషువాది, వాడు ఆ రోజు రాలేదు. మా ఇద్దర్నీ బల్ల పక్కన నిలబడమన్నాడు. మిస్ అలీన్ కిటికీ దగ్గర నిలబడింది.

ముందు నాది తీశాడు. బొమ్మ చూశాడు. తరవాత బొమ్మతో పాటు మేం రాసుకునే రోజువారీ పుస్తకం తెరిచాడు. పేజీలు తిప్పుతుంటే ఆ చప్పుడుకి నా చెవుల్లో సముద్రం హోరెత్తింది.

పైకి చదివాడు. "'ఈరోజు కరీట్ మచ్చలు మొదలుపెట్టాను. ఒక్కో మచ్చకి ఒక్కో శ్వాస.' ఇది రాసింది నువ్వేనా బాబూ?"

"నేనే సార్."

"మరి శ్వాసలన్నీ ఏమయ్యాయి?"

నేను చేప వైపు చూశాను, ఈలోపల మచ్చలేమైనా మొలిచాయేమో అని.

"నేను మాయారోలో పుట్టాను. మా నాన్నకి పడవ ఉండేది" అన్నాడాయన. "ఇది వంజరం. ఈ పుస్తకంలో ఉన్న బొమ్మ ఇది కాదు." బొమ్మని తిరగేశాడు. "టీచర్ గారూ, ఈ సంతకాలు మీవేనా?"

మిస్ అలీన్ దగ్గరికొచ్చింది. వంగి చూసింది. బయట ఎవరో బంతి గోడకేసి కొడుతున్నారు, పన్నెండు దెబ్బలు లెక్కపెట్టాను. ఆవిడకి తెలిసిపోయింది. ఆవిడ మెడ మీద తాళం గొలుసు కదిలింది.

"నావే" అంది.

ఎందుకలా అందో నాకప్పుడు అర్థమైంది. కాదంటే ఏడుగురికీ కోత పడుతుంది. నన్ను చూసి అనలేదు. శరీసా వైపు చూస్తూ అంది.

ప్రెస్కాట్ గారు తలూపి శరీసా బొమ్మ తీసుకున్నాడు. వానలో మాక్సీ వ్యాను కోసం నిలబడ్డ జనం, ఒక్క గొడుగు కింద ఐదుగురు. దాన్ని చూస్తూ ఆయన మొహం కొంచెం మెత్తబడింది. తరవాత దాన్నీ తిరగేశాడు. రెండు బొమ్మల వెనకల్నీ పక్కపక్కన పెట్టాడు. జేబులోంచి చిన్న భూతద్దం తీశాడు.

"ఇవి రెండూ ఒకే చెయ్యి కాదు" అన్నాడు. "ఇక్కడ కలం నొక్కి రాశారు. ఈ అమ్మాయి దాని మీద తేలిగ్గా రాశారు. అక్షరం చివర కూడా వేరు. ఈ అబ్బాయి బొమ్మ మీదున్నవి మీవని చెప్పారు." ఆగాడు. మాట ఇంకా మెత్తగా అయింది. "అంటే ఈ అమ్మాయివి మీవి కావన్నమాట."

మిస్ అలీన్ కుర్చీ అంచు పట్టుకుంది. ఆవిడ ఇటు మాట్లాడినా తప్పే, అటు మాట్లాడినా తప్పే. శరీసా బొమ్మ మీద ఆయన చెయ్యి ఉంది, తను ఆ చేతినే చూస్తోంది. ఏడుపు లేదు, కోపం లేదు. వాన పడుతుంటే చూస్తున్నట్టు చూస్తోంది. ఆయన రెండో చేత్తో ఎర్ర కలం మూత తీశాడు.

"సార్, నావి దొంగవి" అన్నాను.

ఇంకోసారి అన్నాను. "అక్కవి నిజమైనవి. నావి నేను పెట్టుకున్నాను."

మిస్ అలీన్ గట్టిగా ఊపిరి పీల్చింది. "రెన్నీ, ఇది నీ వేషాలకి టైం కాదు."

అదీ నా బతుకు. స్కూలు బావిలో మొసలి ఉందని చెప్పినప్పుడు నలుగురు నమ్మారు. ప్రిన్సిపాల్ గారిది విగ్గని చెప్పినప్పుడు అందరూ నమ్మారు. ఇప్పుడు నమ్మేవాళ్ళు లేరు.

"వేషం కాదు మిస్. పెన్నివ్వండి."

ఆవిడ ఇవ్వలేదు. ప్రెస్కాట్ గారే ఆవిడ బల్ల మీంచి పచ్చ పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. తెల్ల కాగితం ముందుకు తోశాడు. మిస్ సంతకం పెట్టాను. మూడుసార్లు. మూడూ అచ్చు నా బొమ్మ వెనకున్నట్టే వచ్చాయి, అదే నొక్కుడు, అదే తోక. మిస్ అలీన్ తన పేరు నా చేతిలోంచి రావడం చూస్తూ నిలబడింది. సాధన చేసినందుకు అంత సిగ్గుపడ్డ మనిషి ఈ ద్వీపంలో ఇంకోడు పుట్టి ఉండడు.

ఆయన కాగితం తీసుకుని భూతద్దంతో చూశాడు. మిస్ వైపు తిరిగాడు. "ఇందాక మీవన్నారు."

"అన్నాను. తప్పన్నాను" అందావిడ. "దానికి ఏం రాయాలో అది రాయండి."

ఆయన ఏదో రాసుకున్నాడు. తరవాత శరీసా బొమ్మని మెల్లిగా తిప్పి, మొహం పైకి వచ్చేలా బల్లకి అవతలి చివర పెట్టాడు, నా బొమ్మకి దూరంగా. దాని మీద ఏమీ రాయకుండానే ఎర్ర కలానికి మళ్ళీ మూత పెట్టాడు. శరీసా అప్పుడు ఏడ్చింది, చప్పుడు లేకుండా, మెడ దగ్గర తప్పుగా పెట్టుకున్న గుండీ విప్పి మళ్ళీ పెట్టుకుంటూ.

"ఎన్ని వేశావు ఇలాంటివి?" అని ఆయన అడిగాడు.

"నాలుగు సార్. ఇది నాలుగోది. ఒకటి మయామీలో ఉంది, ఒకటి లీడ్స్‌లో. ఇద్దరికీ ఒక్కటే ఉందని చెప్పాను." ఎవరూ అడక్కుండానే వస్తున్నాయి మాటలు, ఆపడం తెలీలేదు. "వార్నిష్ అబద్ధం. బీరువాలో పెట్టింది చెక్క ముక్క. డబుల్స్ తిని వాంతి చేసుకున్నది కూడా అబద్ధం, అతని డబుల్స్ మంచివే."

ప్రెస్కాట్ గారు రాయడం ఆపి నన్ను చూశాడు.

మిస్ అలీన్ నా నాలుగో బొమ్మని చేతిలోకి తీసుకుంది. దాన్ని చూడ్డం లేదు, ఊరికే పట్టుకుంది. "మొదటిది ఎక్కడుంది రెన్నీ?"

"టొరంటోలో మిస్. ఒకావిడ ఇంట్లో."

"దాని వెనకున్నవి?"

"మీవే మిస్" అన్నాను. "మూడూ మీవే."